మోగని కాలింగ్ బెల్లు

"చేతులు కట్టుకోండి. నేను చెప్పేదాకా ఎవరూ తీగ ముట్టుకోకూడదు," అన్నాడు నరసింగరావు మాస్టారు.

ఆరో తరగతి మొత్తం చేతులు కట్టుకుంది. ఒక్క విశాలి మాత్రం ఏదో అడగబోయి, చేతులు విప్పేసి గాలిలో తిప్పింది.

"సార్, దీని సేతులు కట్టేస్తే నోరు పెగలదు సార్!" అన్నాడు త్రినాథ్.

అందరూ నవ్వారు. విశాలి కూడా నవ్వింది.

దసరా సెలవుల తర్వాత నౌపడ నుంచి వచ్చి చేరిన పిల్ల. తండ్రికి వంశధార గట్టు మీది రైస్ మిల్లులో పని. మిల్లు గోడను ఆనుకునే ఇల్లు. మాస్టారూ ఈ ఊరికి కొత్తే. విజయనగరం నుంచి ఈ మధ్యే బదిలీ మీద వచ్చాడు.

బల్ల మీద పెన్సిల్ సెల్లులు, తీగలు, బటన్లు, చిన్న చిన్న బజర్లు. ఇవాళ ఎవరి కాలింగ్ బెల్లు వాళ్లే చేసుకోవాలి. ఈ ఊళ్లో కోతులకు జడిసి పగలంతా తలుపులు గడియ పెట్టే ఉంచుతారు. బెల్లు ఏ ఇంటికైనా పనికొచ్చేదే.

"గోడ ప్లగ్గులో తీగ పెడితే?"

"సచ్చిపోతాం సార్!" అంది తరగతి ఎంతో ఉత్సాహంగా.

"తడి చేతులు?"

"తుడుసుకోవాల!"

"సెల్లు రెండు కొసలూ ఉత్త తీగతో కలిపేస్తే?"

త్రినాథ్ అప్పటికే కలిపి చూస్తున్నాడు.

"ఓలమ్మో! కాల్తన్నాది!"

మాస్టారు వాడి వేళ్లు పట్టుకుని చూశాడు. చురుక్కుమందంతే, ఏమీ కాలేదు. "మధ్యలో బజరో, బల్బో ఉండాలి. అదీ జవాబు," అన్నాడు.

కాసేపటికి తరగతంతా కుయ్‌కుయ్‌మంది. విశాలి దగ్గర మాత్రం చప్పుడు లేదు. ఆ పిల్ల బజరు పక్కకు నెట్టేసి, మాస్టారి డబ్బాలోంచి రెండు టార్చి బల్బులు ఏరుకుంది.

"ఏటే, మోగని బెల్లు సేస్తన్నావా?" అన్నాడు త్రినాథ్.

"మా ఇంటికి బజరు పనికిరాదు."

"ఎందుకమ్మా?" అడిగాడు మాస్టారు.

విశాలి నోరు విప్పేలోపే పక్కనున్న అనిత అందుకుంది. "మిల్లు మోత సార్! ఆళ్లింటి కాడ మనం గొంతు సించుకున్నా ఇనబడదు."

నిజమే. మాస్టారు రోజూ ఆ దారినే వస్తాడు. మిల్లు ఆడుతుంటే తన స్కూటరు శబ్దం తనకే తెలియదు.

"నిన్న వానలో తలుపు కాడే నిలబడిపోనాను సార్," అంది విశాలి. "అమ్మ తనంతట తాను తీసినదాకా. పుస్తకాలన్నీ తడిసిపోనాయి. ఇవాళ కూడా మబ్బేసింది. ఇవాళే పట్టుకెల్తాను."

"నేను చూసి సరే అంటేనే ఇంటికి. అది సరే, రెండు బల్బులెందుకు?"

"ఒకటి వంటింట్లో, ఒకటి నట్టింట్లో. అమ్మ ఎటు తిరిగున్నా కనబడాల."

రెండు బల్బుల్నీ ఒకదాని వెనుక ఒకటి కలిపి బటన్ నొక్కింది. లోపలి తీగలు కాస్త ఎర్రబడ్డాయంతే. పగటి వెలుగులో వెలిగినట్టే లేదు.

విశాలి మొహం వాడిపోయింది. ఇంతలో ఇంటిగంట కొట్టారు.

"ఒకే దారిలో ఇద్దర్ని వెనకా ముందూ నడిపిస్తున్నావు," అన్నాడు మాస్టారు. "ఎవరి దారి వాళ్లకిచ్చి చూడు."

"తీగ సాలదు సార్."

త్రినాథ్ తన బెల్లు చూసుకున్నాడు. ఒకసారి కుయ్‌మనిపించాడు. తర్వాత దాని తీగలు ఊడబీకి ఆమె ముందు పెట్టాడు.

"ఇంద, తీసుకో. మాయమ్మకి నాను సందు మొగలో తుమ్మినా ఇనబడతాది. నాకెందుకు బెల్లు!"

గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. విశాలి ఒక్కో బల్బు నుంచీ సెల్లులకు వేరువేరుగా తీగలు లాగింది. బటన్ నొక్కింది.

రెండు బల్బులూ భగ్గున వెలిగాయి. బజర్లన్నీ ఒక్కసారి మోగించినా రానంత గోల లేచింది తరగతిలో.

మాస్టారు ప్రతి అతుకునూ లాగి చూశాడు. తీగ బయటపడ్డచోటల్లా టేపు చుట్టాడు. "సరే, పట్టుకెళ్లు. రేపు సాయంత్రం వచ్చి ఎలా బిగించావో చూస్తాను," అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఆయన విశాలి ఇంటి ముందు స్కూటరు ఆపేసరికి ఊళ్లో కరెంటు పోయింది. మిల్లు ఆగిపోయింది. ఏటి ఒడ్డున కొంగ రెక్కలు కొట్టుకుంటే ఆ చప్పుడు కూడా ఇక్కడికి వినబడుతోంది.

ఇంత నిశ్శబ్దంలో బటనెందుకులే అనుకుని తలుపు తట్టాడు.

"అమ్మా! స్కూలు మాస్టార్ని!"

పలుకు లేదు. గట్టిగా తట్టాడు. గోడ మీది కోతి ఆయన్ని జాలిగా చూసింది. ఇంట్లో ఎవరూ లేరనుకుని వెనుదిరిగాడు.

బోరింగు దగ్గర్నుంచి బిందెతో వస్తూ విశాలి ఎదురైంది. "ఎల్లిపోకండి సార్! అమ్మ ఇంట్లోనే ఉన్నాది. బటన్ నొక్కండి."

"నీ చేతులు తడి. నేనే నొక్కుతాను," అని నవ్వి నొక్కాడు.

వేలు తీసేలోపే లోపల గడియ జరిగింది. గుమ్మంలో విశాలి తల్లి. మోచేతుల దాకా బియ్యప్పిండి, మొహం నిండా సంబరం. మాస్టారికి దండం పెట్టింది.

తర్వాత పిండి అంటిన ఆమె వేళ్లు గాలిలో చకచకా కదిలాయి, వాటినే చూస్తూ విశాలి వాటికి మాటలు తొడిగింది: "తలుపు కాడికి బయటి మనిషొచ్చినట్టు అమ్మకి తెలవడం, తాను పుట్టాక ఇదే మొదటిసారంట సార్!"