తాళం వేసిన గోదాం

"కట్! కట్! ఈ అవ్వను లోపలికి ఎవరు రానిచ్చిండ్రు?"

కిటికీ బయట కెమెరా పక్కన నిలబడి డైరెక్టర్ ప్రకాశ్ అరిచిన అరుపుకు పత్తి గోదాం దద్దరిల్లింది. లోపల నేల మీద ముడుచుకున్న నీరజను, యూనిట్‌కు వంట చేసే మంగ్లీ గట్టిగా కావలించుకుని రాగం తీసి ఏడుస్తోంది. నీరజ కదలకుండా అలాగే ఉండిపోయింది.

ప్రకాశ్ లోపలికి పరిగెత్తి మంగ్లీని లేపాడు. "అవ్వా, గిది సినిమా. మేడం ఏడుస్తలేదు, డాన్స్ చేస్తాంది."

"గిదేం డాన్సు సారూ? తలుపు గుద్దుకుంట, కింద పడుకుంట..."

"గిప్పటి డాన్సు గిట్లనే ఉంటది."

"నాకేమెరుక? మా తండాల ఆడమనిషి గట్ల కూలబడితే ముందుగాల పోయి మెడ పట్టుకొని తోడు ఏడుస్తం. ఎందుకని తర్వాత అడుగుతం."

యూనిట్ అంతా నవ్వింది. నీరజ మాత్రం నవ్వలేదు.

ఈమె నవ్వే మనిషి కాదని ప్రకాశ్ పొద్దున్నే తేల్చేసుకున్నాడు. పుట్టింది నెల్లికుదురులోనే అయినా బ్యాలే నేర్చుకుని, మునివేళ్ల మీద నిలబడి దేశదేశాల జనం చేత చప్పట్లు కొట్టించుకున్న మనిషి. అలాంటామె రఘునాథపల్లిలో మూతబడ్డ ఈ మిల్లుకు వచ్చి, ఉత్త కాళ్లతో దుమ్ములో పొర్లే కొత్తరకం నాట్యానికి ఒప్పుకోవడమే గొప్ప. ఒక గది, ఒక ఆడమనిషి, బయటపడే దారి లేదు. సినిమా మొత్తం ఇంతే. ఆఖరి షాట్ ఒక్కటే మిగిలింది. రేపు గోదాం కూలగొడతారు.

సరిగ్గా ఇవాళే, పొద్దున మేకప్ కూడా వేసుకోకుండా వచ్చి, "నేను వెంటనే ఇంటికి వెళ్లాలి," అంది నీరజ.

ప్రకాశ్ ఆమె కాళ్ల వైపు చూశాడు. "మడమ మళ్లీ నొప్పి లేసిందా మేడం?"

"కాదు."

"మరి ఏమైంది?"

"చెబితే ఇక చేయలేను."

"మేడం, ఇయ్యాల షాట్ కాకపోతే సినిమానే లేదు. ఇంతమంది కష్టం మట్టిలో కలుస్తది. అయినా మీరు అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిండ్రు." ఆ చివరి మాటకు తనకే సిగ్గేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

నీరజ ఆవరణలో సామాన్లు మోస్తున్న వాళ్లందరినీ ఒకసారి చూసింది. "అయితే తొందరగా కానివ్వండి. అయిపోగానే నన్ను నెల్లికుదురులో దింపాలి."

"నేనే దింపుత మేడం!"

ఆమె అటు వెళ్లగానే కెమెరామన్ రహ్మాన్‌తో, "దుమ్ముల పొర్లమంటే రాణిగారికి కష్టమయింది," అన్నాడు ప్రకాశ్. "పెద్దోళ్ల అలకలు గిట్లనే ఉంటయి."

తొందరగా అవడం అతని చేతుల్లోనే ఉంది. అతనేమో పొద్దు వాలేదాకా మళ్లీ మళ్లీ చేయిస్తూనే ఉన్నాడు.

"మేడం, అందంగ ఉంది. నాకు అందం వద్దు. బ్యాలేల నొప్పిని దాస్తరు. ఇక్కడ దాచొద్దు."

"దాచకపోతే నిలబడలేను."

"నిలబడకండి, పడిపోండి. నాకు గదే కావాలె!"

నీరజ అతని వైపు వింతగా చూసింది. తర్వాతి షాట్‌లో నిజంగానే పడిపోయింది. అది చూసే మంగ్లీ పొయ్యి దగ్గర్నుంచి తలుపు తోసుకుని లోపలికి ఉరికింది. చేతికందిన షాట్ అలా మట్టికొట్టుకుపోయింది.

ఇక ఇలా లాభం లేదనుకున్న ప్రకాశ్ తాళం కప్ప తెప్పించాడు.

"తాళం వద్దు," అంది నీరజ. "ఊరికే మూస్తే చాలు."

"అవ్వ మళ్ల ఉరికొస్తది మేడం. వెలుగు పోతాంది. ఒక్కసారి, గంతే."

తలుపు మూసి, బయట తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కిటికీ దగ్గరికి వచ్చి, "యాక్షన్!" అన్నాడు.

నీరజ మొదట కదలనేలేదు. తర్వాత గోడ వెంట చేతులతో తడుముకుంటూ నడిచింది. తలుపు దాకా వచ్చి, అరచేతులతో బాదింది. వీపు ఆనించి నేలకు జారింది. లేచి మళ్లీ బాదింది. మునివేళ్ల మీద తేలిపోయే ఆ ఒళ్లు, తడిసిన పత్తి బస్తాలా బరువెక్కింది. ఉన్నట్టుండి నోరు తెరిచి, "నన్ను పోనియ్యండి," అంది. కొరియోగ్రఫీలో మాటలే లేవు.

రహ్మాన్ కెమెరా మీంచి కన్ను తీశాడు. "అన్నా, తలుపు తీద్దామా? నాకెందుకో పరేషాన్ అయితాంది."

"నోరు మూసుకొని కెమెరా చూడు! గిట్లాంటిది మళ్ల దొరుకుతదా?"

లోపల ఆమె పిడికిళ్లు తలుపు మీద పడుతూనే ఉన్నాయి. బయట తలుపుకు చెవి ఆనించి మంగ్లీ నిలబడింది. వెలుగు పూర్తిగా పోయేదాకా ప్రకాశ్ కట్ చెప్పలేదు.

చెప్పాక మాత్రం పిల్లాడిలా గంతులేశాడు. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. తాళం తీయగానే అందరికంటే ముందు మంగ్లీ దూరి నీరజను పట్టుకుంది. ఈసారి నీరజ కూడా రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేసింది.

"అవ్వా, షాట్ అయిపోయింది! ఇంక ఏడుపెందుకే?" అన్నాడు ప్రకాశ్, సంతోషంతో తడిసిన కళ్లు తుడుచుకుంటూ. "మేడం, ఏం చేసిండ్రు! ఎక్కడ్నుంచి తెచ్చిండ్రు గంత దుఃఖం?"

మంగ్లీ అతన్ని పట్టించుకోలేదు. తీరుబడిగా ఏడ్చి, కొంగుతో నీరజ ముఖం తుడిచింది.

"ఇగ చెప్పు బిడ్డా. ఎవరు పోయిండ్రు?"

ప్రకాశ్ ఫక్కున నవ్వాడు.

"మా అమ్మ," అంది నీరజ.