పొరుగు దేశం

ఫోను మోగేసరికి షారోన్ రెండు చేతులకీ దోసెల పిండి. మోచేత్తోనే ఎలాగో స్పీకరు నొక్కింది.

"రేపు పదింటికి వచ్చి డెమో క్లాసు చెప్పాలమ్మా. తొమ్మిదో తరగతి, సోషల్," అన్నారు తాడేపల్లిగూడెం స్కూలు ప్రిన్సిపాల్ గారు. "మెక్సికో ప్రజలు పొరుగు దేశానికి ఎందుకు వలస వెళ్తారు. ఇదీ పాఠం. ఒక్క మాట గుర్తుపెట్టుకో. పుస్తకం పట్టుకుని చదివేవాళ్ళు మాకు బోలెడుమంది ఉన్నారు. నీ పాఠం వింటే కూర్చున్న మనిషి కదలాలి. అప్పుడే ఉద్యోగం."

ఫోను అవగానే షారోన్ ఆ పిండిచేతుల్తోనే జీవన్ మెడ చుట్టేసింది. పెళ్ళై ఇరవై రెండు రోజులు. ఇన్ని రోజుల్లో ఇది రెండో శుభవార్త. తనకొచ్చిన ఒకే ఒక్క కూర జీవన్‌కి ఇష్టమని తెలియడం మొదటిది.

వెంటనే అతన్ని మంచం మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. విద్యార్థి చేతులు కట్టుకుని బుద్ధిగా విన్నాడు.

"ఏం అర్థమైంది?"

"మెక్సికో అన్నప్పుడల్లా నీ బుగ్గ మీద సొట్ట పడుతోంది."

"ఏవండీ! ఉద్యోగమండీ! వినేవాళ్ళు కదలాలట!"

"నువ్వు చెబుతుంటే నేను కదల్లేను షారూ. సాయంత్రం దాకా ఇలాగే కూర్చుంటాను."

లాభం లేదని అతనికి క్యారేజీ ఇచ్చి డ్యూటీకి పంపేసింది. ఇంట్లో మిగిలింది అత్తగారూ మామగారూ. మామగారు యోసేపు వరండాలో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. ఆ కుర్చీలోంచి ఆయన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. షారోన్ పెరట్లోకి నడిచింది. అత్తగారు సువర్ణ గట్టు మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది.

"అత్తయ్యా, పది నిమిషాలు నా క్లాసులో కూర్చుంటారా?"

"కూర్చునే ఉన్నాను కదమ్మా. చెప్పు."

షారోన్ నీళ్ళలో వేలు ముంచి సిమెంటు గచ్చు మీద గీత గీసింది. "ఇటు మెక్సికో. అటు అమెరికా."

"మధ్యలో ఏముంది?"

"కొంత దూరం ఏరు, కొంత దూరం ఎడారి. కొన్నిచోట్ల గోడ. కాపలా కూడా ఉంటుందండి."

"అయినా వెళ్తారూ?"

"వెళ్తారండి. ఇక్కడ వారమంతా ఒళ్ళు హూనం చేసుకుంటే వచ్చే కూలి, కొన్ని పనులకి అక్కడ ఒక్కరోజులోనే వస్తుంది."

"సువర్ణా! టీ!" వరండాలోంచి కేక.

సువర్ణ లేచి, చేతులు కడుక్కుని, టీ ఇచ్చి వచ్చి మళ్ళీ కూర్చుంది. "ఊఁ, తర్వాత?"

"కొన్ని ఊళ్ళలో వానల్లేక పంటలు పోతాయి. కొన్నిచోట్ల ముఠాల భయం, పిల్లల్ని బయటికి పంపలేరు."

"అయ్యో పాపం. అంత దూరం వెళ్ళి ఎవరి పంచన ఉంటారే?"

"ముందు వెళ్ళినవాళ్ళు ఉంటారు కదండీ. అక్క వెళ్తే చెల్లెల్ని పిలుస్తుంది."

"మా కైకలూరు అక్కా అంతే. వాళ్ళ చేపల మేత కొట్లో బిల్లులు రాసేవాళ్ళు లేరు, నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, జీతమిస్తాను రావే అని నాలుగేళ్ళుగా ఒకటే పోరు," అంటూ నవ్వింది సువర్ణ.

"సువర్ణా! నా కళ్ళజోడేదీ?"

"మీ నెత్తిమీదే ఉందండీ!"

షారోన్‌కి అప్పటికి ఊపు వచ్చేసింది. లేచి నిలబడి, కొంగు దోపి, రొయ్యల గిన్నెనే తరగతి గది అనుకుంది.

"అసలు సంగతి వినండత్తయ్యా. వాళ్ళు అక్కడేదో సుఖపడిపోదామని వెళ్ళరు. ఇక్కడా వండుతారు, అక్కడా వండుతారు. ఇక్కడ తోమిన గిన్నెలే అక్కడా తోముతారు. కాకపోతే అక్కడ దాన్ని ఉద్యోగం అంటారు!"

సువర్ణ చెయ్యి ఆగింది. గచ్చు మీది తడిగీత ఎండకి ఆరిపోతుంటే కాసేపు దాన్నే చూసింది. తర్వాత లేచి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. సగం రొయ్యలు అలాగే ఉండిపోయాయి.

షారోన్ ఉసూరుమంది. ఉన్నదే ఒక్కరు. ఆ ఒక్కరూ పాఠం మధ్యలో లేచి వెళ్ళిపోయారు. రేపు నలభైమంది పిల్లల్ని ఎలా కూర్చోబెడుతుంది?

సాయంత్రం జీవన్ ఇంకా చెప్పులు విడవకముందే ఎదురెళ్ళింది. "అంత బోరు కొట్టానాండీ? అత్తయ్యగారు ఒక్క మాటైనా అనలేదు."

"అమ్మకి నడుం నొప్పి కదా, కూర్చోలేకపోయి ఉంటుంది," అన్నాడు జీవన్. ఆ మాటకే ఆమె ముఖం కొంచెం తేటపడింది.

అంతలో సువర్ణ గదిలోంచి వచ్చింది. చేతిలో జిప్పు సంచి. రేపటికి తనకోసం మంచి చీర తీసి ఉంచారనుకుని షారోన్ కళ్ళు మెరిశాయి.

"రేపు నీ బస్సు ఎన్నింటికమ్మా?"

"ఎనిమిదింటికండీ."

"సువర్ణా! టీ!" వరండాలోంచి కేక.

"టీ పొడి ఎర్రమూత డబ్బాలో ఉందండీ. పంచదార దాని పక్కనే."

పేపరు కిందికి దిగింది. పడక్కుర్చీ కిర్రుమంది. యోసేపు లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "నేనా?"

సువర్ణ సంచి గుమ్మం పక్కన పెట్టి కోడలి బుగ్గ నిమిరింది.

"నీకు ఉద్యోగం ఖాయమమ్మా. అక్కకి ఫోను చేసేశాను, ఆదివారం చర్చికి వచ్చేస్తానులే. రేపు ఏడున్నరకి ఆటో ఒక్కటే మాట్లాడు, బస్టాండు దాకా కలిసే పోదాం. నువ్వు గూడెం బస్సెక్కు, నేను కైకలూరు వలస పోతాను."