ఒక బిందె నీళ్ళు

శవపేటిక ఇంకా భుజాల మీదే ఉంది. తవ్విన గుంతకు అడ్డంగా నిలబడి పంచాయతీ కార్యదర్శి కాగితం చూపించాడు.

"తాగునీటి బోరు పక్కన పూడ్చకూడదు. రూలు ఉండాది. ఆత్మకూరు సమాధుల తోటకు ఎత్తుకుపోండి."

బోరు పెంచలయ్యది. ఆయన పొలం సమాధుల తోట కంచెను ఆనుకునే ఉంటుంది. ఊరికి తాగునీళ్ళు ఇస్తానని బోరు వేసి నెల కాలేదు. ఫిర్యాదు రాసిందీ ఆయనే.

"మా తాత కాలం నుంచీ ఇక్కడే పూడుస్తుండాం," అంది కరుణశ్రీ. పెట్టెలో ఉన్నది ఆమె నాయన.

"అయితే ఏంది? రేపు ఊరంతా ఈ నీళ్ళే తాగాల. మీ నాయన కుళ్ళు మేం తాగాల్నా?" అన్నాడు పెంచలయ్య.

మోస్తున్నవాళ్ళు మీదికి రాబోతే కరుణశ్రీ ఆపింది. గుంత తవ్వినవాళ్ళ ఖాళీ బిందె తెచ్చి పెంచలయ్య కాళ్ళ దగ్గర పెట్టింది.

"తవ్వినోళ్ళకు దప్పికగా ఉండాది. మీ బోరు నీళ్ళు ఒక బిందె ఇయ్యండి. ఇప్పుడే ఆత్మకూరు పోతాం."

పెంచలయ్య బిందె వైపు చూడలేదు. "మోటారు ఇంకా బిగించలా," అన్నాడు.

"బిగించడు సార్," అంది కరుణశ్రీ కార్యదర్శితో. "ఈ చుట్టుపక్కల కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని భూమిలో నీళ్ళు పడే చోటు చెప్పేది మా నాయనే. పోయిన నెల ఈయనే పిలిపించి పొలమంతా చూపించినాడు. తూరుపు మూల నీళ్ళుండాయి, ఈ కంచె పక్కన చుక్క పడదు అని మా నాయన చెప్పొచ్చినాడు."

కార్యదర్శి కాగితం మడిచాడు.

"తెల్లారి," అంది కరుణశ్రీ, "ఈ కంచె పక్కనే బోరు ఏయించినాడు."