సెయింట్ టైగ్ చేను

డబ్లిన్ నుంచి వచ్చిన డాక్టర్ హాలరన్‌కి మా కిల్‌వర్నా పారిష్‌లో వారం తిరక్కముందే పరువు పోయింది. డాక్టరంటే నమ్మి డఫీ తన ఆవు పొదుగువాపు చూడమన్నాడు. ఈయన ఆ డాక్టరు కాదట. ఊళ్ల పేర్లు, చేల పేర్లు రాసుకుంటాడట. వెయ్యేళ్ల కిందటి క్రైస్తవుల రాళ్లూ రప్పలూ వెతుకుతాడట.

"ఏం చదువండీ అది! మనిషికీ పనికిరాదు, గొడ్డుకీ పనికిరాదు" అన్నాడు డఫీ.

హాలరనూ ఏం తక్కువ తినలేదు. మాతో మాట్లాడినంతసేపూ రుమాలు ముక్కు దగ్గరే ఉంచుకునేవాడు. ఈ బురద మనుషులకి చరిత్రేం తెలుసన్నట్టు చూసేవాడు.

కొండ కింద రాళ్లచేను దగ్గర ఆయనకి కోల్మన్ కనిపించాడు. చేను కోల్మన్‌దే. సోమవారం బుల్డోజర్ వస్తుంది. రాళ్లన్నీ పెకలించి, చదును చేసి, గడ్డి వేస్తాడు.

"ఈ చేనుకి పేరేమిటి?"

"రాళ్లకి పేరేంటండీ? రాళ్లే."

"పేరు లేదని నీకెవడు చెప్పాడ్రా?" గోడ అవతలి నుంచి గొంతు లేచింది. కోల్మన్ పెద్దమ్మ సబీనా. మొగుడు పోయాక మేకే తోడు. దాన్ని ఈ చేలోనే మేపుతుంది. ఆమె నోటికి జడిసి పోస్ట్‌మాన్ కూడా ఉత్తరం గోడ మీద పెట్టి పోతాడు.

"ఇది సెయింట్ టైగ్ చేను. ఆయన సమాధి ఇక్కడే. కళ్లజోడు ఊరికే పెట్టుకున్నావా డాక్టరూ? ఆ మూల రాయి చూడు."

హాలరన్ వెళ్లి నాచు గీకాడు. అడుగున వంకరటింకరగా ఒక శిలువ. ఆయన బురదలోనే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఏడో శతాబ్దం! ఏడో శతాబ్దం!"

కోల్మన్ పగలబడి నవ్వాడు. "సెయింట్ టైగా? సారాకొట్లో ముగ్గురు టైగ్‌లున్నారు, ఒక్కడూ సెయింటు కాదు. మేకకి గడ్డి పోతుందని కథలు చెబుతోందండీ."

"నోర్ముయ్‌రా. దున్నడం తప్ప నీకేం తెలుసు? ఏం డాక్టరూ, ఇంత చదివావు, ఈ సెయింటు సంగతి నీ పుస్తకాల్లో లేదా?"

"లేదమ్మా. ఏ పుస్తకంలోనూ లేదు!" ఆయన మొహం వెలిగిపోయింది.

"అయితే అవి పొయ్యిలో పెట్టి కొత్తది రాసుకో."

రాసుకున్నాడు. అన్నీ తనకే తెలుసనుకునే మనిషికి లోకంలో ఎవరికీ తెలియనిది దొరికితే ఇంక ఆగుతాడా? బుల్డోజర్ కంటే ముందే ప్రభుత్వం నోటీసు వచ్చింది. ఆ చేలో గడ్డపార దించితే జైలే.

"మేక కోసం నా నోట్లో మట్టి కొట్టింది" అని కోల్మన్ ఊరంతా చెప్పుకుని ఏడ్చాడు. ఊరూ నమ్మింది. ముసల్దాని పంతం ఎవరికి తెలియదు గనక!

తర్వాత కొత్త ఫాదర్ వచ్చాడు. ఊరికే దొరికిన సెయింటుని చర్చి వదులుకుంటుందా? ఏకంగా బిషప్‌నే పిలిపించాడు. ఆయన పట్టు అంగీ బురదలో ఈడ్చుకుంటూ వచ్చి, రాయి ముందు మోకరించి, పవిత్ర జలం చల్లాడు.

"సెయింట్ టైగ్, మా కోసం ప్రార్థించండి" అన్నాడు. జనమంతా అదే అన్నారు.

సబీనా మాత్రం మోకరించలేదు. మేక తాడు పట్టుకుని నిలబడి బిషప్‌ని ఎగాదిగా చూసింది.

"ఇప్పటికి తీరికైందా నాయనా మీకు?" అంది.

జ్ఞానస్నానం అందకుండానే చనిపోయిన పసిగుడ్డుకి చర్చి శ్మశానంలో చోటు లేదని వెనకటి ఫాదర్ తలుపేసుకుంటే, మొగుడూ పెళ్లాలిద్దరే మోసుకొచ్చి పూడ్చిపెట్టి, పైన రాయి మీద తమ చేతుల్తోనే శిలువ గీసుకున్న ఆమె ఒక్కగానొక్క కొడుకే సెయింట్ టైగ్.