ఎర్రదా, నీలందా?

"ఎర్రదా, నీలందా? త్వరగా తేల్చు బావా!"

తాళాలు పట్టుకుని గరాజు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు బావమరిది.

ఛాతీలో నొప్పి మొదలై చాలాసేపయింది. డాక్టరు వెంటనే తీసుకొచ్చెయ్యమన్నాడు. అంబులెన్సు ఎక్కడో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. రోజూ తిరిగే కారేమో రిపేరుకెళ్ళింది.

ఇంట్లో మిగిలినవి ఆ రెండే. రెండూ ఇటలీవి, పాతకాలానివి. దూరప్రయాణాలు హాయిగా చెయ్యడానికని పుట్టినవి. ఈ ఇంటికొచ్చాక మాత్రం గేటు దాటి ఎరగవు. వాటి గదికి ఏసీ ఉంది. లోపలికెళ్ళాలంటే చెప్పులు విప్పాలి. వాటి యజమానిని వీధిలో అందరూ కార్లాయన అంటారు.

కార్లాయన గరాజు మెట్టు మీంచి లేవకుండానే ఎర్రదాన్ని చూపించాడు.

"దాని ఇంజను పాట వింటే జన్మ ధన్యమేరా. కానీ రెండే సీట్లు. నేలకి అతుక్కుని ఉంటుంది. నడుం మడిచి దూరాలి. ఈ నొప్పితో ఎలా కుదురుతుంది?"

"అయితే నీలందే తీస్తాను. వెనక సీట్లో పడుకోబెట్టొచ్చు."

"ఆగరా! ఆ సీటు తోలు కంపెనీలో కుట్టిందే. ఇప్పటిదాకా ఒక్క మరక పడలేదు. దార్లో వాంతైతే?"

"కడుగుతాం!"

"కడిగాక అది అసలుది ఎలా అవుతుందిరా?" కార్లాయన మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

హాల్లో మంచం మీంచి ముసలి తండ్రి మూలిగాడు. "ఇంకా బయల్దేరలేదా?"

"అదే చూస్తున్నాం మావయ్యగారూ. మీరు కంగారుపడకండి," అని కార్లాయన భార్య మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, దేవుడు ఒకటికి రెండిచ్చాడు. ప్రాణం మీదికొచ్చినప్పుడైనా ఒకటి కదలకూడదా? మరెందుకిచ్చినట్టు?"

"కదలడమంటే మాటలా? నీలందాని టైర్లు కూడా అప్పటివే. మన రోడ్డు మీద చిరిగి చేటలైపోతాయి. ఎర్రదాని ఇంజను ముందు నిదానంగా వేడెక్కాలి. అందానికి ఎర్రది, సుఖానికి నీలంది. దాచుకోవడానికి ఏది మేలంటే..."

"ఇప్పుడు దాచుకోవడం గురించేంటండీ!"

"ఉండవే, పోల్చి చూడనీ. తిరిగిన కిలోమీటర్లు ఎర్రదానికి తక్కువ. కాబట్టి అది తియ్యకూడదు. రంగు నీలందానికి మొదట వేసిందే. కాబట్టి అదీ..."

మాట మధ్యలో ఆగిపోయాడు.

వీధిలో కూరగాయల వ్యాను మైకు వినిపించింది. ఆ వెనకే హాల్లోంచి చేతికర్ర టకటకలాడింది.

గేటు దాకా నడిచిన తండ్రి కర్ర ఊపి వ్యాను ఆపించి, "వంకాయలు కాస్త పక్కకి జరుపు నాయనా, మావాణ్ణి పడుకోబెట్టాలి" అంటూ, గుండె పట్టుకుని మెట్టు మీద కూర్చున్న కార్లాయనని చూపించాడు.