ఒత్తులు లేని జవాబు

“అన్నా, నెల రోజులుగా మీ పోస్టుల్లో ఒక్క తప్పూ లేదేంటి? ఒంట్లో బాగానే ఉందా?”

మా బ్యాగుల రిపేరు షాపు ఖాతాకి ఒక పాత కస్టమరు పెట్టిన మెసేజ్ అది. చదివి నవ్వొచ్చింది.

షాపు తెరవగానే నాలుగు ముక్కలు పోస్టు చేయడం మా ఆయనకి అలవాటు. ఒత్తులన్నీ మింగేసేవాడు. “జిపులు, పటీలు వేయబడును.”

“షాపు పరువు తీస్తున్నావయ్యా బాబూ!” అని తల బాదుకునేదాన్ని.

“జిప్పు ఊడినవాడు ఒత్తులు లెక్కపెడతాడా?” అనేవాడు.

లెక్కపెట్టేవాడొకడున్నాడన్నమాట.

ఈమధ్య అన్నీ నేనే రాస్తున్నాను. బ్యాగు ఎప్పుడిస్తారు, పట్టీ ఏ రంగు అని ఎవరడిగినా వెంటనే జవాబిస్తాను. మనిషి ఎలా ఉన్నాడని అడిగింది మాత్రం ఇతనొక్కడే.

“బాగున్నాను తమ్ముడూ” అని టైపు చేశాను. పంపబోయి ఆగి, రెండు ఒత్తులూ తీసేశాను.

“బాగునాను తముడూ.”

ఆయన పోయి నెల దాటింది. ఇంకా ఉన్నాడనుకునే మనిషి ఒక్కడైనా ఉండాలిగా.