పెంచలయ్య పసుపు లైటు

“నా ఏబీఎస్ నాకు మళ్లీ పెట్టురా!” అంటూ పెంచలయ్య కారును ఆత్మకూరు షెడ్డు ముందు ఆపాడు.

పొద్దున ఆ కారు మీటర్లలో ఏబీఎస్ లైటు ఆరకుండా వెలుగుతుంటే, మెకానిక్ సమీవుల్లా చక్రం దగ్గరి సెన్సారుకు పట్టిన మట్టి తుడిచి, లైటు ఆరిపోయాకే పంపాడు.

“ఏబీఎస్ చెడిపోతేనే ఆ లైటు వెలగతాదన్నా. ఇప్పుడు బాగుండాది. ఎంత గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోవు, బండి జారదు.”

“ఎవురికి చెప్తావురా? ఇంట్లో లైటు వెలిగితే కరెంటు ఉన్నట్టా, పోయినట్టా? అది వెలగతా ఉండాదనే ఈ బండి కొన్నాను. ఉదయగిరిలో అందరికీ చూపించినాను కూడా.”

సమీవుల్లా గంటసేపు చెప్పి చూశాడు. పెంచలయ్య వినకుండా షెడ్డుకు అడ్డంగా కారు పెట్టుకుని కూర్చున్నాడు. గిరాకీ అంతా ఎదుటి షెడ్డుకు పోసాగింది. ఇక లాభం లేదనుకుని సమీవుల్లా బ్రేకుల జోలికి పోకుండా, ఆ లైటు పక్కనే కారు నడిచినంతసేపూ వెలిగే చిన్న పసుపు బల్బు ఒకటి బిగించాడు. పెంచలయ్య మురిసిపోయి, ఆ బల్బుకు దండం పెట్టుకుని వెళ్లాడు.

మూడు నెలల తరువాత ఆయనే మిఠాయి పొట్లంతో దిగాడు. కారు నిండా చుట్టాలు.

“నీ చెయ్యి మంచిదిరా సమీ! నిన్నటి నుంచి నువ్వు బిగించినదాని పక్కది కూడా వెలగతా ఉండాది. డబుల్ ఏబీఎస్ వచ్చేసింది! ఆ ధైర్యంతోనే అందరినీ ఎక్కించుకుని శ్రీశైలం ఘాటు రోడ్డుకు పోతా ఉండాను.”

సమీవుల్లా మిఠాయి ముట్టలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగేశాడు.